మూడో చరణంలో పిట్ట

మా చెల్లెలి రికార్డు గురించి పేపర్లో పడ్డ రోజున ఆ పేపరు మీదే పులుసు గిన్నె దించి మేము భోజనానికి కూర్చున్నాం. తెలిసి చేసింది కాదు. నాన్న రేవు దగ్గరి బారు నుంచి పేపరు తెచ్చి బల్ల మీద పడేశాడు. వేడి గిన్నె కింద ఏదో ఒకటి ఉండాలి కాబట్టి అమ్మ దాన్నే పరిచింది. సగం తిన్నాక చూస్తే గిన్నె అంచు పక్క నుంచి ఫొటోలోని మా ఇసియా ఒంటికన్నుతో నన్ను చూస్తోంది.

“అమ్మా, ఆ గిన్నె తియ్యి,” అన్నాను.

“కాలుద్ది. ఇప్పుడెందుకు?”

“కింద ఇసియా ఉంది.”

అమ్మ గుడ్డతో గిన్నె పట్టుకుని లేపింది. చెల్లెలి నుదుటి మీద గుండ్రంగా మరక పడింది గానీ అక్షరాలు బాగానే ఉన్నాయి. రాసినాయన పేరు రెండుసార్లు చదువుకున్నాను. ఎలోయ్ కన్సేలో. స్పెయిన్‌లోని మా గలీసియాలో గిటారు పట్టిన ప్రతివాడికీ ఆయనంటే హడల్. ఇసియా ముగ్గురు కుర్రాళ్ళతో కలిసి బ్యాండులో పాడే రోజుల్లో వాళ్ళ గురించి ఆయన రాసింది రెండే వాక్యాలు. “నలుగురూ శ్రుతిలోనే ఉన్నారు. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు.” ఆ రెండు వాక్యాలకే మా పిల్ల వారం రోజులు ఫోనెత్తలేదు. ఎనిమిదేళ్ళున్న బ్యాండుని వదిలి, ముప్ఫై మూడేళ్ళ వయసులో ఒంటరిగా రికార్డు చేస్తానంటే దీనికి మతి పోయిందన్నారు అందరూ. అన్నవాళ్ళలో నేను కూడా ఉన్నాను.

“ఏం రాశాడు? తిట్టాడా?” అని అడిగాడు నాన్న.

నేను పైకి చదివాను. “సముద్రం కుడివైపున” అనే ఆ రికార్డుకి ఆయన అర పేజీ ఇచ్చాడు. ఈ అమ్మాయి ఇన్నేళ్ళూ తన గొంతుని ముగ్గురి వెనక దాచుకుందని, ఇప్పుడు ఒక గిటారు, ఒక కంజీర, ఎక్కడో దొరికిన పాత హార్మోనియం తప్ప అడ్డం ఏమీ లేవని రాశాడు. ఆమె పాడుతున్నట్టు ఉండదు, పక్కన కూర్చుని చెబుతున్నట్టు ఉంటుంది, పది పాటల్లో ఒక్కటి కూడా తీసెయ్యమనను అన్నాడు. నాన్న చెంచా పక్కన పెట్టేశాడు.

“ఏడో పాట దగ్గర మాత్రం లేచి నిలబడాలి,” అని ఉంది చివర్లో. “మూడు వందల ఏళ్ళు నోటి నుంచి నోటికి నలిగి నునుపు తేలిన పాట. దీన్ని ఏ ఒక్క మనిషీ కట్టలేడు. గుమ్మంలో నిలుచున్నవాడు ఎవరో పాట ఎక్కడా చెప్పదు. చెప్పక్కర్లేదు. వాడు మృత్యువు.”

ఆ మృత్యువు నాకెదురుగా కూర్చుని మూతి తుడుచుకుంటున్నాడు.

సంగతేమిటంటే ఆ పాట మా అమ్మ కట్టింది, పందొమ్మిదేళ్ళప్పుడు. మా లౌరీదో రేవులో వలల కొట్టుని ఆదివారాలు ఖాళీ చేసి డాన్సులు పెట్టేవారట. సెవెరీనో అనే కుర్రాడు మూడు ఆదివారాలు వరసగా వచ్చి, లోపలికి అడుగు పెట్టే ధైర్యం లేక టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆ సెవెరీనో మా నాన్న. రేవులో ఆడవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. నాన్నకి తెలుసో లేదో మేమెవరం ఎప్పుడూ అడగలేదు.

*గుమ్మంలో నిలుచున్నవాడా, లోనికి రా, లేదా పో.*
*నీ వెనక వెలుగు, నీ నీడ నా ఒళ్ళో.*
*ఇద్దరు పట్టే బల్ల మీద ఒక్కదాన్ని కూర్చున్నా,*
*ఈ నీడనెక్కడ దించుకోను.*

అమ్మ మొహంలోకి చూశాను. ఆమె పేపరు మడిచి, నూనె అంటని చోట పెట్టి, “పులుసు చల్లారిపోతోంది, తినండి,” అంది.

*

ఈ పొరపాటు ఫిబ్రవరిలో మా వంటింట్లోనే జరిగింది. తుఫాను రోజులు. పడవలు కదలలేదు. ఇసియా సంతియాగో పట్నం నుంచి వచ్చి బల్ల మీద రికార్డింగు మిషను పెట్టి అమ్మ చేత పాత పాటలు పాడించుకుంది. గుమ్మంలో నిలుచున్నవాడి పాట అయ్యాక, “ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?” అని అడిగింది.

“ఎవరి దగ్గరేంటి. ముసలమ్మల దగ్గర,” అంది అమ్మ.

మా రేవులో ఎవర్నడిగినా అదే జవాబు. వలలు బాగుచేసే ఆడవాళ్ళు సూది ఆడిస్తూ పాటలు కడతారు, ఒకరి మీద ఒకరు, మొగుళ్ళ మీద, పడవ యజమాని మీద. కట్టినదాన్ని నాది అని మాత్రం ఎవరూ అనరు. అంటే రేవంతా నవ్వుతుంది. నా చిన్నప్పటి నుంచి యూనివర్సిటీ వాళ్ళు మిషన్లు పట్టుకుని వస్తూనే ఉన్నారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడుగుతూనే ఉన్నారు, ముసలమ్మల దగ్గర అని మావాళ్ళు చెబుతూనే ఉన్నారు. అమ్మ పక్కన కూర్చునే ఒటీలియా పిన్నికి ఇప్పుడు డెబ్భై రెండు. ఆమె ఇంకా ముసలమ్మల దగ్గరే నేర్చుకుంటోంది.

ఇసియా ఆ యూనివర్సిటీలోనే చదివింది. వల దగ్గర మాత్రం ఎన్నడూ కూర్చోలేదు. చదువుకునే పిల్ల వేళ్ళు పాడవుతాయని అమ్మ రానిచ్చేది కాదు. నేను పదహారో ఏట నుంచీ కూర్చున్నాను, నా వేళ్ళ గురించి ఎవరూ బెంగపెట్టుకోలేదు. అందుకని అది “కర్త తెలియదు” అని రాసుకుంటుంటే పొయ్యి దగ్గర నిలబడి చూశాను, నోరు మెదపలేదు. ఇంత చదివినదానికి ఇంట్లో సంగతి తెలియలేదే అని లోలోపల కాస్త సంతోషం కూడా కలిగింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

*

జూన్ చివరికి అందరూ రాశారు. మాద్రిద్ పేపర్ల వాళ్ళు రాశారు, లిస్బన్ వాళ్ళు రాశారు. ఒకాయన ఇసియా గిటారు వాయించడం తడి చేత్తో తలుపు తట్టినట్టు ఉంటుందన్నాడు. ఇంకొకామె ఈ రికార్డు విన్నాక తను రాసుకున్న పాటలన్నీ పక్కన పెట్టేశానంది. అందరూ తిరిగి తిరిగి ఏడో పాట దగ్గరికే వచ్చారు.

మేము కూడా విన్నాం. సార్డీన్ చేపల సీజను, పడవల వాళ్ళు రోజూ చిరిగిన వలలు తెచ్చి మా ముందు పారేస్తున్నారు. గట్టు మీద ఆరుగురం కాళ్ళు చాపుకుని కూర్చుని, చప్పుడు పెద్దగా రావాలని నా ఫోన్ని ఖాళీ బక్కెట్లో వేశాం. మొదటి పాట నుంచి చివరిదాకా విన్నాం. నేను చెల్లెలి గొంతు పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. ఆ రోజు బక్కెట్లోంచి వచ్చిన గొంతు నాకు తెలియదు. తొందర లేదు, తళుకు లేదు. నా చేతిలో సూది ఎప్పుడు ఆగిందో నాకే తెలియలేదు.

“గిటారు బాగుంది. నాలుగో పాట ఒక్కటే ముడి కాస్త వదులు,” అంది ఒటీలియా పిన్ని.

“ఏడోది?” అన్నాను.

“ఏడోదానికేం. ముసలమ్మల పాట కదా,” అని అమ్మ వైపు ఓరగా చూసింది. అమ్మ నూలు పళ్ళతో తెంపుతోంది.

జూలై మధ్యలో ఎలోయ్ కన్సేలో స్వయంగా దిగాడు. ఏడో పాట పుట్టిన ఊరు మీద పెద్ద వ్యాసం రాస్తాడట. ఇసియా ఆయన్ని వెంటబెట్టుకుని గట్టు మీదికి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, కళ్ళద్దాలతో ఉన్నాడు. మండుటెండలో గొడుగు పట్టుకొచ్చాడు. వచ్చీ రావడమే బూటు కాళ్ళతో వల మధ్యలోకి నడిచాడు.

“అయ్యా, ఆ బూట్లు కాస్త అవతల పెట్టండి. అది మా అన్నం,” అంది ఒటీలియా పిన్ని.

ఆయన ఉలిక్కిపడి వెనక్కి తగ్గాడు, మడమకి వల కన్నొకటి తగులుకుంది, దాన్ని విడదీయడానికి నేను లేవాల్సి వచ్చింది. పాపం చాలాసార్లు క్షమాపణ చెప్పాడు. తర్వాత బల్లచెక్క మీద కూర్చుని పుస్తకం తెరిచి ఒక్కొక్కరినీ అడిగాడు. గుమ్మంలో నిలుచున్నవాడి పాట ఎక్కడిది? మీరెవరి దగ్గర నేర్చుకున్నారు? ఆరుగురం ఒకే మాట చెప్పాం. అమ్మ కూడా తడుముకోకుండా చెప్పింది.

“దీనికి ఇంకేమైనా చరణాలున్నాయా అండీ, రికార్డులోకి ఎక్కనివి?” అని అడిగాడు అమ్మని.

“ఎందుకుండవు, చాలా ఉంటాయి,” అంది అమ్మ. తల ఎత్తకుండా, సూది ఆపకుండా, అదే మెట్టులో అందుకుంది.

*పట్నం నుంచి వచ్చినాయన పాట వెతుకుతున్నాడు,*
*మూడొందలేళ్ళ కిందట పారేసుకున్నాడు పాపం.*
*అద్దాల్లో చూస్తాడు, కాగితాల్లో చూస్తాడు,*
*కాలి కింది వల మాత్రం కనిపించదు పాపం.*

గట్టంతా పగలబడి నవ్వింది. ఆయన కూడా నవ్వాడు, నవ్వుతూనే రాసుకున్నాడు. ఇసియా నవ్వలేదు. నూలు ఎక్కించడానికి నేనిచ్చిన సూది దాని చేతిలో అలాగే ఉండిపోయింది. మూడు పాదాలు మామూలుగా నడిపి నాలుగో పాదంలో తిప్పి కొట్టడం, ఆ విరుపు, ఆ మాట ఏడో పాటలో ఎలా ఉన్నాయో ఇక్కడా అలాగే ఉన్నాయి. ఆ పాట ఇసియా వంద సార్లు పాడి ఉంటుంది. అమ్మ చేతుల వంక చూసింది, తర్వాత నా మొహం వంక చూసింది. సూది నా ఒళ్ళో పెట్టి లేచి వెళ్ళిపోయింది.

సాయంత్రం రేవులో అలల్ని ఆపే గోడ మీద దొరికింది. పక్కన కూర్చున్నాను.

“నీకు తెలుసు,” అంది.

“తెలుసు.”

“మరి ఫిబ్రవరిలో నోరేమైంది?”

“నువ్వు నన్నడగలేదు. ఆ మిషను ముందు అమ్మనడిగావు.”

“అడక్కపోతే చెప్పవా? నేను ఊరూరా తిరిగి ఎవరిదో పాట, పేరు లేని పాట అని చెప్పుకుంటూ వచ్చానే. మా అమ్మదే అని ఒక్కసారైనా చెప్పలేదు నేను.”

అది ఏడ్చింది. నాకు బాధేసింది. నేను దాని మీద కోపంతో ఊరుకున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ. నష్టం మాత్రం అమ్మకి జరిగిందని అప్పుడు తెలిసొచ్చింది.

*

రికార్డు మొదటి అచ్చు అయిపోయింది. ఆగస్టు చివర్లో రెండో అచ్చు వేస్తున్నారు. దాని మీద అమ్మ పేరు వెయ్యాలంటే ఆ పాట నాదే అని ఆమె ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఇసియా ఆ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. అమ్మ దాన్ని చేత్తో కూడా ముట్టలేదు.

“ఈ వయసులో రేవులో నన్ను నవ్వులపాలు చెయ్యకే,” అంది. “ఒటీలియావి ఇరవై ఉన్నాయి. ఒక్కటి కూడా తనదని అనలేదు. రేపు దాని మొహం ఎలా చూడను?”

“ఎవరూ నవ్వరమ్మా. ఎలోయ్ కన్సేలో ఆ పాట గురించి ఏం రాశాడో విన్నావు కదా.”

“విన్నాను. మూడొందలేళ్ళ పాట అనుకుని రాశాడు. ఈ బల్బీనా కట్టిందంటే రాస్తాడా? వలలు కుట్టేదాని పాటంట అని మూల పడేస్తాడు. అదలా ఉండనీ. నాదనకపోతే దానికి గౌరవం ఉంది.”

ఆమె భయం అదన్నమాట. రేవు నవ్వుతుందని కొంత, తన పేరు తగిలితే పాట చిన్నదైపోతుందని ఎక్కువ. మా అమ్మ అలా అనుకుంటోందని విన్నాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

“అయితే నేనా పాట పాడను,” అంది ఇసియా.

“పాడకు,” అంది అమ్మ.

అక్కాచెల్లెళ్ళలో మొండిది ఇసియానే అనుకునేదాన్ని, అది ఎవరి పోలికో ఆ నెలలో తెలిసింది. తిరునాళ్ళలా జరిగే ఆగస్టు సంగీతోత్సవాలన్నిటికీ వెళ్ళింది, తొమ్మిది పాటలు పాడి దిగిపోయింది. జనం ఏడో పాట కావాలని కేకలేస్తే, “అది నాకింకా ఇవ్వలేదు,” అని దండం పెట్టి వచ్చేసింది. అప్పటిదాకా ఆకాశానికెత్తిన పేపర్లలో ఒకటి, పేరు రాగానే పొగరు కూడా వచ్చిందని రాసింది. ఇంట్లో అమ్మా కూతుళ్ళు ఉప్పు అందించమని కూడా నా ద్వారానే చెప్పుకుంటున్నారు. నాన్న భోజనం అవగానే టోపీ పెట్టుకుని బయటికి పోయేవాడు.

రెండో అచ్చుకి పది రోజులుందనగా నేను ఎవరికీ చెప్పకుండా సంతియాగో బస్సెక్కాను.

ఎలోయ్ కన్సేలో ఆఫీసు కింద కాఫీ దుకాణంలో కలిశాడు. “వల విడదీసిన అమ్మాయి కదూ మీరు,” అన్నాడు. నేను సుత్తి లేకుండా చెప్పేశాను. పాట కట్టింది మా అమ్మ. బతికే ఉంది. ఆయన మీద కూడా ఒక చరణం కట్టింది.

ఆయన కప్పు దించాడు. “ఇంటికి వెళ్ళాక అనుమానం వచ్చిందండీ. అందుకే ఆ వ్యాసం రాయలేకపోయాను. అంటే, మూడు వందల ఏళ్ళు అని రాశాను నేను.”

“నలభై ఏడు.”

“మరి మృత్యువు?”

“మా నాన్న. మోకాళ్ళ నొప్పులు, ఇప్పుడు పనికి పోవడం లేదు.”

కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. “ఒక్క మనిషి. పందొమ్మిదేళ్ళ పిల్ల,” అన్నాడు తనలో తను. “ఒక్క మనిషి కట్టలేడని రాశాను. ఇంకా గొప్ప సంగతి కదండీ ఇది.”

“ఆ ముక్క ఆమెకి చెప్పినా నమ్మదు. పొగిడితే నోరు విప్పే మనిషి కాదు మా అమ్మ. వల ముడులు బాగున్నాయన్నా మొహం తిప్పేసుకుంటుంది. ముడి వదులైందనండి, అప్పుడు చూడాలి, గట్టు దద్దరిల్లుతుంది.”

ఆయన కప్పులో చెంచా తిప్పాడు. “నిజం చెప్పాలంటే ఆ పాటలో నాకొక ఫిర్యాదు ఉంది. మూడో చరణం. ‘పైన పిట్ట పాడుతుంటే కింద నువ్వు మూగ’ అని. ఆ పిట్ట నాకు నచ్చలేదు.”

“మరి రాయలేదేం?”

“ఎవర్ని తప్పు పట్టనండీ? ఎప్పుడో పోయిన ఊరూ పేరూ లేని ముసలమ్మనా? పేరు లేని పాటని ఎంతైనా మెచ్చుకోవచ్చు. తప్పు పట్టాలంటే అవతల మనిషి ఉండాలి.”

“ఉంది. రాయండి,” అన్నాను.

“మీ అమ్మగారు బాధపడతారేమో.”

“పడనివ్వండి. ఒక్క మాట, ఆమె పేరు మాత్రం వెయ్యొద్దు. అది ఆమె చెప్పాలి.”

“నేను లేని తప్పు రాయనండీ. అది నిజంగానే తప్పని నా ఉద్దేశం,” అన్నాడు ఆయన, కాస్త నొచ్చుకున్నట్టు. ఆ మాటకి నాకు ఆయనంటే గౌరవం పుట్టింది.

*

నాలుగో రోజున పడింది. ఈసారి పేపరు నేనే కొని గట్టు మీదికి పట్టుకెళ్ళాను. ఆరుగురం ఉన్నాం. ఇసియా కూడా ముందు రోజు సాయంత్రమే వచ్చి, నా వెనక నూలుకండెల మీద కూర్చుంది. అమ్మ దాని వైపు చూడటం లేదు.

“మళ్ళీ రాశాడు,” అన్నాను. ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టాను.

“జూన్ నెలలో నేను పొరపాటు చేశాను. ఏడో పాట వయసు మూడు వందలు కాదు. కట్టిన మనిషి బతికే ఉంది. ఆమె పేరు చెప్పవలసింది ఆమే గానీ నేను కాదు. మెచ్చుకున్న మాటల్లో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను. పదితరాలు కలిసి చేశాయనుకున్నది ఒక్కతే చేసింది కనుక ఆ మాటలు చాలవని ఇప్పుడనిపిస్తోంది.”

అమ్మ చెవులు ఎర్రబడ్డాయి. సూది మాత్రం ఆడుతూనే ఉంది. నేను గుక్క తిప్పుకున్నాను.

“అయితే మనిషి దొరికింది కనుక ఒక మాట అడగొచ్చు. మూడో చరణంలో ఉన్నట్టుండి ఆ పిట్ట ఏమిటి? చేపల రేవులో, వలల కొట్టులో, దీపాలు పెట్టిన వేళ పిట్ట పాడుతుందా? మిగతా పాటంతా కళ్ళారా చూసి కట్టింది. ఆ పిట్ట చూసింది కాదు. పాదం నిండక ఎక్కడి నుంచో పట్టుకొచ్చిన పిట్ట.”

సూది ఆగింది.

“మళ్ళీ చదువు,” అంది అమ్మ.

చదివాను.

“పట్టుకొచ్చిన పిట్టా? చూసింది కాదా? ఎవరే చూడనిది? ఆయన చూశాడా, అప్పటికి పుట్టాడా అసలు?” అమ్మ ఒళ్ళోని వల పక్కకి నెట్టేసింది. “ఒసే ఒటీలియా, మీ మామ పంజరం ఎక్కడ తగిలించేవాడు?”

“కొట్టు గుమ్మం పైన,” అంది ఒటీలియా పిన్ని.

“అందులో ఏముండేది?”

“పసుపు పిట్ట. దీపం పెడితే చాలు, తెల్లారిందనుకుని చెవులు తూట్లు పడేలా అరిచేది.”

“మరి?”

“మరేముంది. ఆ పాట కట్టిన ముసలమ్మ ఎవరో ఆవిడ చూసుకోవాలి. మధ్యలో నీకెందుకే అంత కోపం?”

“ఆ ముసలమ్మని నేనేనే,” అంది అమ్మ. సూది చేత్తో పైకెత్తి, గట్టు చివరిదాకా వినబడేలా అంది. “నేను కట్టాను. ఆ పిట్టని నా రెండు కళ్ళతో చూసి పెట్టాను. పాదం నిండకపోతే పిట్టని పట్టుకొచ్చే రకం కాదు నేను.”

అవతల పెట్టెలు మోస్తున్న మగవాళ్ళు కూడా ఆగిపోయి చూశారు. ఒటీలియా పిన్ని నోట ఏ మాట వస్తుందా అని ఎదురుచూశాను.

“తెలుసులేవే. ఆ సూది దించి మాట్లాడు, ఎవరి కంట్లోనన్నా పొడుస్తావు,” అందామె. ఒక ముడి వేసి నూలు బిగించింది. “నావి ఇరవై రెండు. ఇరవై అని చెప్పుకుంటున్నావంట ఊళ్ళో.”

ఎవరూ నవ్వలేదు. కాసేపటికి అవతలి చివర కూర్చున్నామె, “నావి ఐదే,” అంది మెల్లగా.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేదాకా అమ్మ ఆ పిట్ట గురించే మాట్లాడింది. ఇసియా వెనకే వచ్చింది. నాలుగు వారాల తర్వాత మొదటిసారి దానికి నేరుగా, “గిన్నెలు తియ్యి,” అని చెప్పింది. నాన్న అప్పటికే బల్ల దగ్గరున్నాడు.

“విన్నావా సెవెరీనో? పిట్ట లేదంట. నేను ఎక్కడి నుంచో పట్టుకొచ్చానంట.”

“లేకపోవడమేంటి?” అన్నాడు నాన్న. “నా టోపీలో రెట్ట వేసింది కూడాను.”

ముగ్గురు ఆడవాళ్ళం ఆయన వైపు తిరిగాం. ఇసియా చేతిలో గిన్నెలు అలాగే ఉన్నాయి.

“ఆ పాట నీ మీదేనని తెలుసా నాన్నా నీకు?” అని అడిగాను.

“తెలియకేం. నలభై ఏడేళ్ళ నుంచీ తెలుసు. రేవులో ఎవరు పాడినా లోపల్లోపల మురిసిపోయేవాణ్ణి.” ఆయన బల్ల మీద గీత ఒకటి గోటితో గీకుతూ కూర్చున్నాడు. “మీ అమ్మ ఏనాడూ అది తనదని అనలేదు కదమ్మా. తను తనదనకుండా, ఆ నిలబడ్డవాణ్ణి నేనేనని నేనెలా అనను?”

అమ్మ కుర్చీలో కూర్చుండిపోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం నేను అంతకు ముందు చూడలేదు. నల్ల ఏప్రన్ అంచుతో చేతులు తుడుచుకుని, “ఏదే ఆ కాగితం,” అంది ఇసియాతో.

సంతకం పెట్టింది. తండ్రిదీ తల్లిదీ రెండు ఇంటిపేర్లూ పూర్తిగా, ఒక్కో అక్షరం చూసుకుంటూ రాసింది. కాగితాన్ని ఇసియా వైపు తోసి, నాన్న వైపు తిరిగింది.

“ఇంకో చరణం ఉంది. నీ పరువు పోతుందని ఎవరికీ వినిపించలేదు.”

“పోతే పోయింది. పాడు,” అన్నాడు నాన్న.

అమ్మ వేళ్ళతో బల్ల మీద తాళం వేస్తూ పాడింది.

*మూడు వారాలు నిలిచావు, పిట్టకైనా విసుగేసె,*
*టోపీ పట్టి నిలిచావు, టోపీలోన రెట్ట వేసె.*
*ఇంకా సిగ్గు దేనికోయి, గుమ్మం దాటి లోనికి రా,*
*కడుక్కోను నీళ్ళిస్తా.*

“ఇచ్చింది,” అన్నాడు నాన్న మా ఇద్దరితో. “చల్లటి నీళ్ళు.”